చట్టం వెనకాల కాగితాలు: ప్రకాశం కమిటీ సంపుటాల్లో ఏముంది?

 

పోయిన ఎపిసోడ్ కింద ఒక ప్రేక్షకుడు ఒక ప్రశ్న పెట్టారు. వాళ్ళది విజయనగరం వైపు పల్లెటూరట. ఇల్లు సర్దుతుంటే అటక మీద రేకుపెట్టెలో ముత్తాతగారి నాటి సిస్తు రసీదులు దొరికాయట. వాటిమీద ఎస్టేటు కచేరీ ముద్ర ఉంది. "ఇవి దాచాలా, పారెయ్యాలా? అప్పట్లో మా ఊళ్ళో ఏం జరిగిందో, మా వాళ్ళు ఏం చెప్పుకున్నారో ఎక్కడైనా రాసి ఉంటుందా?" అని అడిగారు.

మొదటిదానికి జవాబు చిన్నది. దాచండి. రెండో ప్రశ్నకి జవాబు కొంచెం పెద్దది. ఆ జవాబు శాసనసభ కమిటీల రికార్డుల్లో ఉంది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

శాసనసభ అంటే మనకి గుర్తొచ్చేది ఏమిటి? టీవీలో కనిపించే సభ. అరుపులు, వాకౌట్లు, మైకు కట్ చేయడం. కానీ ఒక బిల్లు మీద అసలు పని జరిగే చోటు అది కాదండీ, కనీసం అదొక్కటే కాదు. బిల్లు ప్రవేశపెట్టాక సభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపొచ్చు. రెండు సభలూ ఉన్న చోట రెండిటి సభ్యులతో కలిపి జాయింట్ సెలెక్ట్ కమిటీ వెయ్యొచ్చు. ఆ కమిటీ ఒక గదిలో కూర్చుంటుంది. సంబంధం ఉన్నవాళ్ళని పిలుస్తుంది, అర్జీలు తీసుకుంటుంది, సాక్ష్యం వింటుంది. తర్వాత బిల్లుని ఒక్కొక్క క్లాజే తీసుకుని ఇది ఉంచాలా, తీసెయ్యాలా, మార్చాలా అని చూస్తుంది.

ఆ పనంతా అయ్యేసరికి ఒక కాగితాల కట్ట తయారవుతుంది. అందులో ముందు ప్రవేశపెట్టిన బిల్లు ఉంటుంది. వచ్చిన వినతిపత్రాలు ఉంటాయి. సాక్షులు చెప్పింది మాటకి మాట రాసిన సాక్ష్యం ఉంటుంది. సమావేశాల మినిట్స్ ఉంటాయి. చివర కమిటీ మార్చిన బిల్లు ఉంటుంది. దాన్ని అచ్చువేసే పద్ధతి ఒకటుంది. కమిటీ కొత్తగా చేర్చిన మాటల కింద గీత గీస్తారు, లేదా పక్కన గీత పెడతారు. తీసేసిన చోట చుక్కల గుర్తులు పెడతారు. అంటే ఎక్కడ చెయ్యి పడిందో చూడగానే తెలిసిపోతుందన్నమాట. ఒప్పుకోని సభ్యులు ఉంటే వాళ్ళ అసమ్మతి పత్రం కూడా నివేదికతో పాటే అచ్చవుతుంది. ఓడిపోయినవాడి వాదన కూడా గెలిచినవాడి వాదనతో కలిపి కుట్టి ఉంచే పుస్తకం ఇది.

చట్టం అచ్చయ్యాక మనకి చేతికొచ్చేది చివరి పాఠం మాత్రమే. ఎవరు వచ్చి ఏం అడిగారు, ఎవరి మాట నెగ్గింది, ఎవరిది పక్కన పెట్టారు అన్నది చట్టంలో ఉండదు. అది తెలియాలంటే ఈ కట్ట విప్పాలి.

ఇదంతా గాలిలో చెప్తే లాభం లేదు. మన తెలుగు జిల్లాలకి నేరుగా సంబంధం ఉన్న ఒక కట్ట తీసుకుందాం. 1938 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ కమిటీ నివేదిక. మనవాళ్ళు ప్రకాశం కమిటీ అంటారు.

ఒక చిన్న వివరణ ముందే ఇస్తాను. ఇది సభలో అప్పటికే ఉన్న బిల్లుని దిద్దడానికి వేసిన సెలెక్ట్ కమిటీ కాదు. అమల్లో ఉన్న ఒక చట్టాన్ని విచారించి, ఎలాంటి మార్పు తేవాలో చెప్పమని రెండు సభల సభ్యులతో వేసిన కమిటీ. బిల్లుకి ముందు జరిగే పని అన్నమాట. కానీ పద్ధతి అదే: సాక్ష్యం, అర్జీలు, నివేదిక, అసమ్మతి.

సరే, కథలోకి వెళ్దాం. 1802లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో శాశ్వత పరిష్కారం తెచ్చింది. 25వ రెగ్యులేషన్. జమీందారు ప్రభుత్వానికి ఏటా కట్టాల్సిన పేష్కష్ ఇంత అని ఎప్పటికీ మారకుండా ఖాయం చేశారు. అదే ఏడాది 30వ రెగ్యులేషన్ కూడా తెచ్చారు. దాన్ని పట్టా రెగ్యులేషన్ అనేవారు. జమీందారు రైతుకి పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చలిక రాసివ్వాలి అని. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి లాంటి పెద్ద జమీలు, వాటితో పాటు ఎన్నో చిన్నవి ఈ పద్ధతి కిందకి వచ్చాయి.

ఇప్పుడు అసలు తిరకాసు చూడండి. జమీందారు కట్టేది స్థిరం. మరి రైతు జమీందారుకి కట్టేది? అది స్థిరమా, కాదా? కాగితం మీద దీనికి ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. ఊళ్ళో మాత్రం సిస్తు పెరుగుతూ పోయింది. లెక్క కోసం ఒక మాట అనుకుందాం. ఒక ఊరి మీద జమీందారు రైతుల దగ్గర వంద రూపాయలు వసూలు చేసి అందులో అరవై ఆరు ప్రభుత్వానికి కట్టేవాడు అనుకోండి. వందేళ్ళు గడిచాయి. వసూలు మూడొందలు అయింది. కట్టేది మాత్రం ఆ అరవై ఆరే. మధ్యలో పెరిగినదంతా ఎవరిది? ఆ ఒక్క ప్రశ్న చుట్టూ వందేళ్ళకు పైగా కోర్టులు, గొడవలు, చట్టాలు నడిచాయి. 1908లో ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ వచ్చింది. జిరాయితీ భూమి సాగుచేసే రైతుకి ఆ భూమి మీద అనుభవ హక్కు ఉందని ఒప్పుకుంది. సిస్తు మాట మాత్రం తేలలేదు.

1930ల్లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది. సిస్తు డబ్బు రూపంలో ఉన్నచోట అది పడలేదు. ఇంతకు ముందు నాలుగు బస్తాలు అమ్మితే తీరే బాకీకి ఇప్పుడు ఏడో ఎనిమిదో అమ్మాలి. రైతు సంఘాలు గట్టిగా లేచింది ఈ కాలంలోనే.

1937లో ఎన్నికలు జరిగాయి. జులైలో రాజాజీ ప్రధానిగా కాంగ్రెసు ప్రభుత్వం వచ్చింది. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధాని అనే అనేవారు. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు. ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ మీద కమిటీ వేశారు, అధ్యక్షుడు ఆయనే.

ఇంకోవైపు రైతులు ఊరుకోలేదు. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు యాత్ర చేశారు. 1500 మైళ్ళకు పైగా నడక, 130 రోజులు. దారి పొడుగునా సభలు పెట్టి, 1100కి పైగా అర్జీలు పోగుచేసి, 1938 మార్చి 27న మద్రాసులో శాసనసభకి ఇచ్చారు. ఆ సంఖ్యని ఒక్కసారి ఆలోచించండి. అర్జీ అంటే ఉత్తుత్తి కాగితం కాదు. రాయడం రానివాడు రాయడం వచ్చినవాడి దగ్గర కూర్చుని తన కష్టం చెప్పి రాయించుకున్నది. కింద వేలిముద్ర వేసినది. ప్రభుత్వాన్ని చేరుకోడానికి పల్లెటూరి మనిషికి ఉన్న దారి అదే.

ఇక ఆ సంపుటాల్లోకి వెళ్దాం. కమిటీ ముందు ఒక ప్రశ్నావళి తయారుచేసి పంపింది. భూమికి యజమాని ఎవరు? న్యాయమైన సిస్తు ఎంత, దాన్ని ఎలా నిర్ణయించాలి? చెరువులు, కాలవలు ఎవరు బాగుచేయించాలి? అడవిలో కట్టెలు, పశువుల మేత, ఊరి ఉమ్మడి భూములు ఎవరివి? సిస్తు కాక జమీందారు మనుషులు వసూలు చేసే అదనపు రుసుముల సంగతేమిటి? ఇలాంటివి. దానికి జమీందార్లు, రైతు సంఘాలు, వకీళ్ళు రాతపూర్వకంగా జవాబులు పంపారు. తర్వాత కమిటీ ఎస్టేటు ప్రాంతాలు తిరిగి సాక్ష్యం తీసుకుంది. నివేదికతో పాటు ఆ వినతిపత్రాలు, ఆ సాక్ష్యాలు కూడా వేరే సంపుటాలుగా అచ్చువేశారు.

నేను ఈ సంపుటాలని ఇష్టపడేది నివేదిక కోసం కాదు, ఆ సాక్ష్యాల కోసం. నివేదిక పెద్దలు రాసింది. సాక్ష్యం అంటే ప్రశ్న, జవాబు. మనిషి ఎదురుగా కూర్చుని చెప్పింది. సిస్తు గురించి అడిగితే సాక్షి చెరువు గురించి చెప్తాడు. పూడిక తీయలేదు, తూము పాడైంది, నీళ్ళు లేవు, సిస్తు మాత్రం మాగాణి సిస్తే అని. చట్టం దృష్టిలో అవి రెండు వేరే విషయాలు, వేరే సెక్షన్లు. రైతు దృష్టిలో రెండూ ఒకటే. ఆ తేడా సాక్ష్యంలోనే కనపడుతుంది, చట్టంలో కనపడదు.

ఇంకో సంగతి. మన జిల్లాల రైతు నోట వచ్చేది తెలుగు. పుస్తకంలో అచ్చయింది ఇంగ్లీషు. మధ్యలో ఎవరో తర్జుమా చేశారు, ఎవరో కుదించారు. జిరాయితీ, కట్టుబడి, ఇనాం లాంటి మాటలకి ఇంగ్లీషు దొరక్క అలాగే ఉంచేశారు. చదువుతుంటే ఇంగ్లీషు పొలంలో అక్కడక్కడ తెలుగు రాళ్ళు తగులుతుంటాయి. మనం వెతుక్కోవాల్సింది ఆ రాళ్ళనే. అక్కడ అసలు మనిషి గొంతు కొంచెమైనా మిగిలి ఉంది.

అయితే ఒకవైపే చెప్తే అన్యాయం అవుతుంది. అదే సంపుటాల్లో జమీందార్ల వాదన కూడా పూర్తిగా ఉంది. మాకు కంపెనీవారు సనదు ఇచ్చారు, భూమి మాది, 1802లో స్థిరం చేసింది మేము కట్టేదే గాని రైతు కట్టేది కాదు, తర్వాత సాగు పెరగడానికి మేమూ ఖర్చుపెట్టాం అని వాళ్ళు వాదించారు. మంచి వకీళ్ళు రాసిన వాదన అది, తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కమిటీలోనే కొందరు సభ్యులు ఒప్పుకోక భిన్నాభిప్రాయం రాశారు. అదీ అచ్చయింది. చరిత్ర చదివేవాడికి ఇంతకన్నా కావాల్సింది ఏముంది? తీర్పు మనకి నచ్చినా నచ్చకపోయినా, ఇద్దరి మాటా ఒకేచోట దొరుకుతోంది.

మరి కమిటీ ఏం తేల్చింది? 1938 చివర్లో నివేదిక ఇచ్చింది. మెజారిటీ సభ్యులు చెప్పింది ఇది. భూమికి యజమాని రైతే. జమీందారు ప్రభుత్వం తరఫున సిస్తు వసూలు చేసే మనిషి మాత్రమే. 1802లో స్థిరం చేసింది జమీందారు కట్టే పేష్కష్ ఒక్కటే కాదు, రైతు కట్టే సిస్తు కూడా. కాబట్టి సిస్తులు ఆనాటి స్థాయికి రావాలి.

ఈ నిర్ణయానికి వాళ్ళు ఎలా వచ్చారో చూడండి. 1802 నాటి రెగ్యులేషన్లు, వాటికి ముందూ వెనకా నడిచిన కంపెనీ ఉత్తర ప్రత్యుత్తరాలు, రెవెన్యూ బోర్డు కాగితాలు తవ్వారు. ప్రకాశంగారు స్వతహాగా బారిస్టరు కదా. పాత కాగితంలో ఒక్క మాట పట్టుకుని కేసు కట్టడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. అంటే నూట ముప్ఫయి ఆరేళ్ళ కిందటి కాగితాలు అప్పటికి ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండబట్టే ఈ కమిటీ ఆ మాట అనగలిగింది. ఆ కాగితాలకి చెదలు పట్టి ఉంటే రైతు పక్షాన వాదనే లేదు. ఆ పాత కాగితాలు చదివిన కమిటీ కాగితాలే ఇప్పుడు మనకి పాత కాగితాలయ్యాయి.

తర్వాత ఏమైంది? నివేదిక 1939 మొదట్లో సభలో చర్చకి వచ్చింది. అయితే ఆ సిఫార్సులు చట్టం కాలేదు. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. మనల్ని అడక్కుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దింపారని అక్టోబరులో కాంగ్రెసు ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. ఆ పనంతా అక్కడ ఆగిపోయింది.

ఎనిమిదేళ్ళ తర్వాత 1947లో ఎస్టేటు భూముల సిస్తు తగ్గింపు చట్టం వచ్చింది. 1948లో 26వ చట్టంగా ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీ రద్దు, ఎస్టేట్లని రైత్వారీలోకి మార్చడం. రైతుకి రైత్వారీ పట్టా. జమీందారుకి నష్టపరిహారం.

ఇక్కడ ఆగి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 1938 కమిటీ జమీందారీని రద్దు చెయ్యమనలేదు. కానీ భూమి రైతుదే, జమీందారు వసూలుదారు మాత్రమే అంది. 1948 చట్టం జమీందారీని రద్దు చేసింది, కానీ పరిహారం ఇచ్చింది. మొదటిది చెప్పిన సూత్రం ప్రకారం పోతే, తనది కానిదానికి పరిహారం ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. 1948 చట్టం ఒక్కటే చదివితే ఆ ప్రశ్న ఎప్పుడూ మన బుర్రకి తట్టదు. అసలు ఇంకో దారి ఉండేదని కూడా తెలియదు. అందుకే అంటాను, చట్టం కాని బిల్లుల కాగితాలు కూడా చట్టమైన వాటితో సమానంగా దాచాలి. అవి చెత్త కాదు. రాష్ట్రం ఏ దారిలో వెళ్ళలేదో చెప్పేవి అవే.

ఇప్పుడు ఇంకొక కష్టమైన మాట. ఈ సంపుటాల్లో ఎవరు లేరు?

కమిటీ రైతు అంటే ఎవరు? ఎస్టేటులో జిరాయితీ హక్కు ఉన్నవాడు. వాళ్ళల్లో పెద్ద కమతాలవాళ్ళూ ఉన్నారు. కమిటీ ముందుకి వచ్చి మాట్లాడగలిగింది ఎక్కువగా ఎవరు? సంఘాల నాయకులు, నాలుగు ముక్కలు చదువుకున్నవాళ్ళు, రైలు ఛార్జీ పెట్టుకోగలిగినవాళ్ళు. ఆ రైతు కింద కౌలుకి చేసేవాడు, పాలికాపు, కూలికి నాట్లు వేసే ఆడమనిషి, వీళ్ళ గొంతు అందులో బహు తక్కువ. వాళ్ళకి నష్టం జరిగిందని ఎవరూ కుట్ర చేసి దాచలేదు. ప్రశ్నావళి వాళ్ళని ఉద్దేశించి రాయలేదు, అంతే. ప్రశ్న అడగని చోట జవాబు రాదు.

దాని ఫలితం ఈ రోజుకీ ఉంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారులకి రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం తెచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. అయినా ఇప్పటికీ కౌలు రైతు బ్యాంకుకి వెళ్తే "యజమాని సంతకం ఏదీ?" అని అడుగుతారు. పంట పోతే పరిహారం ఎవరి ఖాతాలో పడాలి అన్నది ఇంకా ఊరూరా తగాదానే. భూమి దున్నేవాడెవడు అన్న ప్రశ్న 1938లో సగమే అడిగారు. మిగతా సగం మనం ఇంకా అడుగుతూనే ఉన్నాం. సరే, ఈ సంగతి మనకి ఎలా తెలిసింది? ఆ సంపుటాలు ఉండబట్టి. అందులో సాక్షుల జాబితా ఉంది. ఎవరొచ్చారో తెలిస్తేనే కదా ఎవరు రాలేదో తెలిసేది.

"ఇదంతా చరిత్ర చదివేవాళ్ళకి బాగుంటుంది, మామూలు మనిషికి ఏం ఉపయోగం?" అని కొందరు అడుగుతారు. ఉపయోగం ఉందండీ. కోర్టులో ఉంది. ఒక సెక్షన్‌కి రెండు అర్థాలు వస్తున్నప్పుడు, చట్టం ఏ ఉద్దేశంతో తెచ్చారో చూడాల్సి వస్తుంది. పూర్వం కోర్టులు సభా చర్చలని, కమిటీ నివేదికలని ముట్టుకునేవి కావు. చట్టంలో ఉన్న మాటలే చూస్తాం అనేవి. 1984లో ఆంతులే కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, చట్టానికి ముందు వచ్చిన కమిటీ నివేదికలని అర్థం తెలుసుకోడానికి చూడొచ్చు అంది. ఆ కేసులో ఉన్న ప్రశ్న ఏమిటో తెలుసా? ఎమ్మెల్యే అనేవాడు శిక్షాస్మృతి ప్రకారం పబ్లిక్ సర్వెంటా, కాదా అని. పాత నివేదికలు, చట్టం చరిత్ర తిరగేసి చూసి, ఆ సెక్షన్ ప్రకారం కాదు అని తేల్చారు. ఆ తీర్పు నచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. పాత కమిటీ కాగితం దేశంలో పెద్ద కోర్టు దాకా ఎక్కింది అన్నది ఇక్కడ విషయం.

మన జిల్లాల్లో అయితే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పాత ఎస్టేటు గ్రామాల్లో భూమి తగాదా వస్తే ఇప్పటికీ ఈ ఊరు ఎస్టేటా, ఇనామా, ఆ భూమి జిరాయితీయా, జమీందారు సొంత కమతమా అన్న ప్రశ్నలు లేస్తాయి. 1936లో ఒక సవరణ వచ్చి చాలా ఇనాం గ్రామాలని ఎస్టేట్ల కిందకి తెచ్చింది. ఆ సవరణ ముందూ వెనకా ఏం జరిగిందో తెలియకపోతే కేసు సగం అర్థం కాదు. ఆ రేకుపెట్టెలో రసీదు ఎందుకు దాచమన్నానో ఇప్పుడు తెలిసింది కదా. ఆ రసీదు మీ ఇంటి సాక్ష్యం. కమిటీ సంపుటం ఊరి సాక్ష్యం. రెండూ కలిపి చదివితేనే కథ పూర్తవుతుంది.

బయట ఎలా చేస్తున్నారో ఒక మాట చెప్పి ఇంటికొస్తాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి శాక్రమెంటోలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. అక్కడ శాసనసభ కమిటీల ఫైళ్ళు బిల్లు నంబరు వారీగా దాస్తారు. ఒక బిల్లు నంబరు చెప్తే, కమిటీ సిబ్బంది రాసిన విశ్లేషణ, అనుకూలంగా ఎవరు ఉత్తరం రాశారు, వ్యతిరేకంగా ఎవరు రాశారు, అన్నీ ఒకే ఫైల్లో వస్తాయి. వకీళ్ళు రోజూ వాడుకుంటారు. అక్కడ ఉన్న మన తెలుగువాళ్ళు ఎవరైనా వింటుంటే, ఒకసారి వెళ్ళి చూడండి, పెద్ద ఖర్చేం కాదు. ఇక మన పక్కనే కేరళ. అక్కడ 1980 నుంచి సబ్జెక్ట్ కమిటీలు ఉన్నాయి. బిల్లు వస్తే కమిటీకి వెళ్ళడం మామూలు పద్ధతి.

మన దగ్గర? బిల్లు ఉదయం పెట్టి సాయంత్రమో, మర్నాడో పాస్ చేసుకోవడం అలవాటైపోయింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇంతే, అందుకని పార్టీల పేర్లు చెప్పడం లేదు. సెలెక్ట్ కమిటీకి పంపడం అంటే బిల్లుని అటకెక్కించడం అనే అర్థం స్థిరపడిపోయింది. ప్రభుత్వం తొందర ప్రభుత్వానిది, ప్రతిపక్షం ఎత్తుగడ ప్రతిపక్షానిది. మధ్యలో పోయేది ఏమిటంటే సాక్ష్యం. యాభై ఏళ్ళ తర్వాత మన మనవడు వచ్చి, "ఫలానా భూమి చట్టం తెచ్చినప్పుడు మా తాతని ఎవరైనా అడిగారా?" అంటే చూపించడానికి కాగితం ఉండదు. చెదలు తిన్న కాగితమైతే కనీసం ఒకప్పుడు ఉండేదని బాధపడొచ్చు. అసలు పుట్టని కాగితాన్ని ఏ ఆర్కైవ్ దాచగలదు?

దాచే విషయంలో చట్టం కూడా సగమే ఉంది. 1993లో పార్లమెంటు పబ్లిక్ రికార్డ్స్ చట్టం చేసింది. రికార్డులు ఎలా దాచాలి, ఎలా తీసెయ్యాలి, ఇష్టానుసారం తగలబెడితే శిక్ష ఏమిటి అన్నీ అందులో ఉన్నాయి. కానీ అది కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకి. రాష్ట్రాల కాగితాలకి అది వర్తించదు. రాష్ట్రాలు తమ ఏర్పాటు తామే చేసుకోవాలి. మన తెలుగు కాగితాల కష్టం ఇంకా ఎక్కువ. మద్రాసు నుంచి 1953లో విడిపోయాం. 1956లో హైదరాబాదుతో కలిశాం. 2014లో మళ్ళీ విడిపోయాం. ప్రతిసారీ మనుషులతో పాటు ఫైళ్ళూ ఊళ్ళు మారాయి. లారీ ఎక్కి దిగిన ప్రతి కట్టకీ ఎంతో కొంత నష్టం ఉంటుంది. ఇల్లు మారినవాళ్ళకి ఎవరికైనా ఇది తెలుసు.

సరే, ఇప్పుడు చూడాలనుకునేవాళ్ళు ఎక్కడ చూడాలి? 1953కి ముందు కోస్తా, రాయలసీమ సంగతులకి మొదట వెళ్ళాల్సింది చెన్నై ఎగ్మోరులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్. హైదరాబాదు రాజ్యం, తర్వాత ఉమ్మడి రాష్ట్రం కాగితాలకి తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్. శాసనసభ చర్చల సంపుటాలు శాసనసభ గ్రంథాలయాల్లో ఉంటాయి. ప్రకాశం కమిటీ సంపుటాలు కొన్ని స్కాన్ అయి ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతున్నాయి. ప్రకాశంగారి 'నా జీవిత యాత్ర' నాలుగో భాగం తెన్నేటి విశ్వనాథంగారు రాశారు. ఆ మంత్రివర్గం రోజుల వాతావరణం తెలుసుకోడానికి అది పనికొస్తుంది.

వెళ్ళేముందు మూడు సంగతులు రాసుకోండి. ఒకటి, చట్టం పేరు కాదు, నంబరూ సంవత్సరమూ కావాలి. 1948లో 26వ చట్టం, 1908లో 1వ చట్టం, ఇలాగ. రెండు, మీ ఊరి పేరు ఒక్కటే చాలదు, అప్పటి తాలూకా, ఎస్టేటు పేరు కావాలి. ఇంగ్లీషు స్పెల్లింగు రకరకాలుగా ఉంటుంది, నాలుగు రకాలుగా వెతకండి. మూడు, ఒక్కరోజులో దొరుకుతుందని వెళ్ళకండి. కట్ట తెప్పించడానికే సగం రోజు పోతుంది. ఒకటి రెండు రోజులు పెట్టుకుని, ఓపిక పట్టుకుని వెళ్ళండి.

ఇప్పటి కమిటీల సంగతి అయితే, సాక్ష్యం సభ ముందు పెట్టేదాకా రహస్యమే. అది నియమం, అందులో తప్పులేదు. సభ ముందు పెట్టాక మాత్రం అది మనది. మీ ఎమ్మెల్యే కనపడితే రోడ్డు అడుగుతారు, పింఛను అడుగుతారు. అడగండి. దాంతో పాటు ఇంకొకటి కూడా అడగండి: "ఈ బిల్లు కమిటీకి వెళ్ళిందా? ఎవరిని పిలిచారు? ఆ నివేదిక ఎక్కడ దొరుకుతుంది?" నలుగురు అడిగితే నవ్వుతారు. నాలుగొందల మంది అడిగితే జవాబు చెప్తారు.

మన ప్రేక్షకుడికి మళ్ళీ చెప్తున్నాను. ఆ రసీదుల్ని మడతపెట్టకండి, లామినేషన్ అసలు చేయించకండి. ఎండ తగలని చోట, పొడిగా ఉన్న కాగితం కవర్లో పెట్టండి. ఫోటో తీసి ఉంచుకోండి. మీ ముత్తాతగారి పేరు ఆ సంపుటాల్లో ఉండకపోవచ్చు. మీ ఎస్టేటు పేరు మాత్రం ఉండే అవకాశం ఉంది. ఆయన కట్టిన సిస్తు గురించి ఎవరో ఒక సాక్షి, ఎక్కడో ఒక కుర్చీలో కూర్చుని, మంత్రి మొహం చూసి చెప్పి ఉంటాడు. వెతకండి. దొరికితే ఇక్కడ రాయండి, అందరం చదువుకుంటాం.

మీ ఇళ్ళల్లో ఇలాంటి పాత పట్టాలు, రసీదులు, అర్జీల నకళ్ళు ఉంటే అవి ఏ ఊరివో, ఏ సంవత్సరానివో కింద కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇనాం భూముల సంగతి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.